మిషిన్లు ఆగినా దిగని వాపు

దీపావళికి, మేం బతకడానికి వలసొచ్చిన ఈ ఉధ్నాలో మరమగ్గాలన్నీ బందైతే మా వాళ్ల కాళ్లకూ సెలవే. నాలుగు రోజుల్లో అందరి వాపులూ దిగిపోతాయి. ఆ ఏడాది మా ఆయనవి దిగలేదు.

"పొద్దంతా నిలబడేటోళ్లం. మిషిన్ కాళ్లే గివి, ఏమైతదే?" అన్నాడు. ఇక్కడ కాలు వాస్తే అందరూ అనే మాటే అది. ఆయాసానికి కార్ఖానా దుమ్మని పేరు పెట్టుకున్నాం. మెట్లెక్కలేక మధ్యలో కూలబడ్డ రోజు, ఆయన వద్దంటున్నా ఆటో పిలిచాను.

ఈసీజీ, ఎకో తీశారు. గుండె గోడలు మందమయ్యాయన్నారు. బీపీ అనుకుని మందులిస్తే కళ్లు తిరిగి పడిపోయాడు. ఇంకో డాక్టరమ్మ ఎకో మళ్లీ చూసి, రక్తపరీక్షలు, బోన్ మారో బయాప్సీ రాసింది.

"బెన్, బీమారీ ఖూన్ మే హై, అసర్ దిల్ పర్," అంది. అక్కా, జబ్బు రక్తంలో ఉంది, దెబ్బ గుండె మీద అని. మూలుగలో చెడిన కణాలు వదిలే ప్రొటీన్ గుండెలో పేరుకుని దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుందట. పేరు ఏఎల్ అమైలాయిడోసిస్. బతుకుతాడా అని అడిగాను. గుండె తట్టుకుంటే మందు పనిచేస్తుంది అంది.

వారం వారం కీమో ఇంజెక్షన్. ఒంట్లో నీరు చేరకుండా చప్పిడి పప్పు, కొలిచిన నీళ్లు. ఎండాకాలం ఇంకో గ్లాసు ఇవ్వనందుకు నన్ను రాక్షసి అన్నాడు. అననీ! అంతలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూ, కీమో బంద్. అప్పుడు నేను ఏడవలేదు. ఏడవడానికి ఓపిక లేదు.

కీమో మళ్లీ మొదలైంది. ఇప్పుడు చెడు ప్రొటీన్ తగ్గింది. గుండె మాత్రం మునుపటిలా కాదన్నారు. మగ్గం మీదికి ఆయనిక పోలేడు. ఇంట్లో వంట చేస్తాడు, నేను కార్ఖానాలో నిలబడి బాబిన్లకు దారం చుడతాను.

తోటివాళ్లకు ఒక్కటే చెబుతాను. సెలవు రోజు పొద్దున లేవగానే కాలు నొక్కి చూసుకోండి. అప్పటికీ గుంట పడితే పని వల్లేనని సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించుకోండి.

మొన్న పని నుంచి రాగానే ఆయన నా కాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది.

"మిషిన్ కాళ్లేనయ్యా, ఏం గాదు," అన్నాను.

"నేను గూడ గిట్లనే అన్న. రేపు సెలవే గదా, పొద్దుగాల మళ్ల చూస్త."

తెల్లారి కళ్లు తెరిచేసరికి నా కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. "దిగిందే," అన్నాడు. అన్నాళ్లూ రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.