గర్డరు చివర మిగిలిన గాలి

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను జమ్మలమడుగు సబ్‌డివిజన్‌కు రోడ్ల శాఖ డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. అప్పటికి పెన్నా మీద వంతెన పని నడుస్తోంది. దాని కాంక్రీటు గర్డర్ల లోపల రేకు గొట్టాలుంటాయి. వాటిగుండా ఉక్కు కేబుళ్లు దూర్చి, జాకీతో లాగి బిగిస్తారు. ఆపైన గ్రౌటు, అంటే సిమెంటు పాలు, పంపుతో ఎక్కిస్తారు. లోపల గాలి, నీరు మిగిలితే ఉక్కు తుప్పు పడుతుంది. బయటికి మచ్చ కూడా కనపడదు. అందుకని ఎక్కించినంత చిక్కటి గ్రౌటు అవతలి చివర పొంగి కారేదాకా పంపు ఆపకూడదు.

మేస్త్రీ ఓబులేసుది ప్రొద్దుటూరు. నేల మీద సిమెంటు కారడం ఆయన ముఠాకు నామర్దా. అవతల బూడిదరంగు నీళ్లు కనపడగానే చెక్క బిరడా కొట్టేసేవారు. నేను చేరేసరికి ఒక వరస గర్డర్లు అలాగే పూర్తయ్యాయి. ఒక బిరడా పీకించి బైండింగ్ వైరు దూర్చాను. మూరెడు లోపలికి పోయింది. బయటికి తీస్తే తడి.

"నిండింది సారూ. ఇంగా కారనిస్తే అన్నం పారబోసినట్టే," అన్నాడు ఓబులేసు.

"నిండింటే వైరు యాడికి పోతాంది మామా?" అన్నాను.

చివర్లను వెంటనే కాంక్రీటుతో మూయాలని కాంట్రాక్టరు తొందర. ప్రారంభానికి పెద్దలను పిలిచేశాడు. మూస్తే ఆ ఖాళీలను ఇక ఎవరూ చూడలేరు. మూయడానికి నా సంతకం కావాలి. పెట్టనన్నాను.

ఆ ఏడాదే నా భార్య పోయింది. కాంట్రాక్టరుకు ఆ సంగతి తెలుసు.

"అమ్మ పోయినకాడ్నుంచి నువ్వు మనిషివి గాదు సారూ. ఆ కోపమంతా నా గర్డర్ల మీద చూపిస్తాండావు," అన్నాడు, అందరి ముందూ.

"ఆమె మాట ఇడిసిపెట్టప్పా. బిరడాలన్నీ పీకించు. వైరు దూరని గర్డరుకు ఇప్పుడే సంతకం పెడతా."

పీకించాడు. చాలావాటిలో వైరు దూరింది.

నా పై అధికారి ఇ.ఇ. గారు ఫోన్ చేసి సర్దుకుపొమ్మన్నారు. ఆ మాటే కాగితం మీద ఇవ్వమన్నాను. అది రాలేదు, పులివెందులకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. నా స్థానంలో వచ్చేవారు చేరేదాకా చార్జి నాదే. ఈలోగా ఖాళీ ఉన్న ప్రతి గొట్టానికీ మళ్లీ గ్రౌటు ఎక్కించాము. ఓబులేసు అవతలి చివర నిలబడి, చిక్కటి గ్రౌటు తన పాదాల మీద పడేదాకా బిరడా ముట్టనివ్వలేదు.

"కారనీ సారూ, ఏటికి గూడా సిమెంటు రోడ్డేస్తాం," అన్నాడు.

ప్రారంభం వాయిదా పడింది. తర్వాత జరిగిన ప్రారంభ సభకు నన్ను పిలవలేదు.

మూసేశాక చూడలేని పనిని మూయకముందే ఆపాలి. నేను నేర్చుకున్నది అంతే. బదిలీ చేయడం వాళ్ల చేతిలో ఉంది, చేశారు. సంతకం నా చేతిలో ఉంది.