తాళం వేసిన ఇంట్లో మగ్గం చప్పుడు

నేను బడికి పోలేదు. నారాయణపేటలో మా నేతగాళ్ళ వీధిలో ఆడపిల్లను బడికి పంపే ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు. మా బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ, నన్ను పక్కన గట్టు మీద కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. దారం తెగినప్పుడల్లా ఆగి నా పలక చూసేవాడు. మంచి దారం వచ్చిన రోజున నాకు చదువు తక్కువగా సాగేది.

ఇది నా పదకొండో ఏటి మాట. పందొమ్మిది వందల అరవైలు ఇంకా రాలేదు. ఆ వానకాలంలో అమ్మకు విషజ్వరం వచ్చి, ఇక లేవదనుకున్నాం. ఈమె లేచి తిరిగితే ముగ్గురమూ కాలినడకన మూడు దినాల దారిలో ఉన్న దేవుని కొండకు వస్తామని బాపు మొక్కుకున్నాడు. ఆ స్వామి దయ, అమ్మ లేచింది. కార్తీకంలో బయలుదేరాలని నిశ్చయమైంది.

మొక్కుకుని కొండకు పోయేవాళ్ళకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంటిల్లిపాదీ నామాలు పెట్టుకుని, చెంబుకు పసుపు గుడ్డ కట్టి, ఇల్లిల్లూ తిరిగి "గోవిందా" అని భిక్షం అడగాలి. ఇంట్లో గింజలున్నా సరే, అడగవలసిందే. వచ్చిన జొన్నలూ బియ్యమూ దేవునికి. మేమూ వీధి వీధంతా తిరిగాం. గింజలు పోసిన ప్రతి ఇల్లాలూ ఎప్పుడు పోతున్నారు, ఎన్నాళ్ళకు వస్తారు అని ఆప్యాయంగా అడిగింది. శుక్రవారం పోతాం, ఎనిమిది దినాలకు వస్తామని మేమూ అంతే ఆప్యాయంగా చెప్పాం. ఒక్క పక్కింటి గడప మాత్రం అమ్మ ఎక్కలేదు. వాళ్ళ మోరీ మురుగునీళ్ళు మా గోడ కిందికి వస్తున్నాయని ఆర్నెల్ల కింద మాటా మాటా పెరిగి, అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

వీధి చివర ఊరి కావలికారు తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పని గోడలకు కన్నాలు వేయడం. ఆ పనికి జైలు చూసి వచ్చాక, ఊరి పెద్దలు ఆయన్నే కావలికి పెట్టుకున్నారు. కొత్త ఇంటికి పోతే దేవుని అర్ర కంటే ముందు పెరటి గోడ చూసేవాడని అందరూ నవ్వుకునేవాళ్ళు. మా చెంబులో దోసెడు జొన్నలు పోసి, తాత అమ్మ వంక జాలిగా చూశాడు.

"బిడ్డా, నువ్వు అడుక్కున్నది జొన్నలు. పంచిపెట్టింది తాళం చెవి. శుక్రారం నుంచి ఎనిమిది దినాలు ఇంట్ల మనిషి ఉండదని బజారంత చెప్పొచ్చిన్రు గద."

అమ్మ అక్కడి నుంచే మా ఇంటి వైపు తిరిగి చూసింది. ఎందుకంటే మగ్గం మీద షావుకారు కూతురి పెళ్ళిచీర ఉంది. పట్టు ఆయనది, జరీ ఆయనది. పట్టు ఆలస్యంగా రావడంతో చీర సగమే అయింది. సగం నేసిన చీరను మగ్గం నుంచి కోసి మూటకట్టుకుని పోలేం. అది పోతే ఊళ్ళో ఏ షావుకారూ బాపు చేతికి మళ్ళీ పట్టు ఇవ్వడు. మగ్గం ఆగితే మా పొయ్యి ఆగినట్టే.

ఆ మధ్యాహ్నమే తాత మా ఇంటికి వచ్చాడు. బాపు ధైర్యంగా కొత్త తాళం చూపించాడు. కొబ్బరికాయంత ఉంది. తాత దాన్ని చేతిలో ఎగరేసి చూసి, ఇంత పెద్దది వేస్తే లోపల ఏదో ఉందని తనకే ఆశ పుడుతోందన్నాడు. వైద్యుడు నాడి చూసినట్టు ఇల్లంతా చూశాడు. పెరటి గోడకు ఆనించి అమ్మ పేర్చిన పిడకల కుప్ప చూసి, దొంగకు మెట్లు కట్టి పెట్టావా అన్నాడు. నిచ్చెన ఆరుబయట పడి ఉన్నందుకు మరో చివాటు. అమ్మ నన్ను ఉరిమి చూసింది, నిచ్చెన నేనే పడేసినట్టు. నిజానికి నేనే.

చివరికి అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు.

"తాళం చూసి దొంగ రాడు బిడ్డా, వాకిలి చూసి వస్తడు. సాన్పి చల్లలే, ముగ్గు లేదు, పొయ్యి పొగ లేదు, దండెం మీద తడిబట్ట లేదు. ఇగ ఎవ్వర్ని అడిగే పనేమున్నది? మీ గల్లీల ఇంకోటి గూడ ఉన్నది. అన్ని ఇండ్లల్ల మగ్గాలు ఆడుతయి. ఆడని ఇల్లు కండ్లు లేనోనికి గూడ దొరుకుతది."

బాపు తాను ఆగిపోతానన్నాడు. మొక్కు ముగ్గురిదని అమ్మ ఒప్పుకోలేదు. ఇంటి మీద కన్నేసి ఉంచమని పక్కింటామెను అడగండని చెప్పి తాత లేచిపోయాడు. అమ్మ చాలాసేపు గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. తర్వాత పసుపు గుడ్డ చెంబు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటి గడప ముందు నిలబడి, వినీ వినపడనట్టు "గోవిందా" అంది.

పక్కింటామె చేట పట్టుకుని బయటికి వచ్చింది. "ఆర్నెల్లకు యాదికొచ్చిన్నా చెల్లె? దేవుడు పంపిండా, దొంగలు పంపిన్రా?"

"ఇద్దరు పంపిన్రక్కా."

ఆమెకు నవ్వు ఆగలేదు. చెంబు నిండి కింద పొర్లేదాకా జొన్నలు పోసి, తాళం చెవికి చెయ్యి చాపింది.

శుక్రవారం బయలుదేరాం. నాకు దారంతా పండుగే. సీతాఫలాలు ఏరుకుంటూ నడిచాను. అమ్మ మాత్రం నోటితో గోవింద అంటూ మనసులో చీర దగ్గరే ఉంది. ప్రాణం నిలబెట్టినందుకు దండం పెట్టుకోవాలని వచ్చి, తీరా స్వామి ఎదుట నిలబడితే చీరను చూసుకో తండ్రీ అన్న ఒక్క మాటే వచ్చిందని, చాలా ఏళ్ళ తర్వాత సిగ్గుపడుతూ నాతో చెప్పింది. స్వామి ఏమీ అనుకుని ఉండడని నా నమ్మకం.

ఎనిమిదో నాటి మధ్యాహ్నం మా వీధిలోకి తిరగగానే బాపు టక్కున ఆగాడు. "మన మగ్గం ఆడుతాంది" అన్నాడు. మా మగ్గం తొక్కుడు కర్రకు ఒక కీచు ఉండేది, దాన్ని వంద మగ్గాల్లోనైనా పోల్చుకునేవాడు. గబగబా నడిచాం. వాకిట్లో పేడనీళ్ళ సాన్పి, దాని మీద అమ్మది కాని చేతి ముగ్గు. దండెం మీద ఎవరివో తడిబట్టలు. కొబ్బరికాయంత తాళం లేదు, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మ అరుగు మీద కూలబడింది.

లోపల మగ్గం గుంటలో పక్కింటామె పెనిమిటి కూర్చుని చీర నేస్తున్నాడు. ఆయనా నేతగాడే. ఇంటివాడు వచ్చాడని చూసి, తప్పు చేసి దొరికినవాడిలా పోగు దూర్చే నాడె పక్కన పెట్టాడు.

"అన్నా, చప్పుడు చేస్తే చాలన్నది మా ఆమె. ఉత్తగ తొక్కుమంటే చేతులు ఊకుంటయా?"

జానెడు నేశాడు. మిగతా అంతా ఉత్తగానే తొక్కినా, మగ్గం చప్పుడు ఒక్క పూటా ఆపలేదట. పక్కింటామె మా పొయ్యి మీదే రోజూ జొన్న గటక వండిందట. నాలుగో నాడు ఈతచాపలు అమ్ముకునే ఇద్దరు వీధిలో మూడుసార్లు తిరిగి, మా గడప ముందే నిలబడి మంచినీళ్ళు అడిగారట. ఈమె లోపలి నుంచి చెంబుతో వచ్చేసరికి, తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు దొంగలేనని, తాగేటప్పుడు చెంబు కాకుండా గోడ చూశారని కావలి తాత బల్లగుద్ది చెప్పాడు. నిజంగా చాపలవాళ్ళేనేమో, పాపం. వాళ్ళకు నీళ్ళు దొరికాయి, మాకు చీర దొరికింది.

బాపు చీర మీద వేళ్ళు జరిపి చూశాడు. పోగు మీద పక్కింటాయన వేసే దెబ్బ బరువు, నేత బిగువు. తెలిసిన కన్నుకు అక్కడ గీత కనిపిస్తుంది. షావుకారు చీర తిప్పి కొట్టవచ్చు. ఆ జానెడూ ఊడదీసి మళ్ళీ నేయడం బాపుకు ఒక పూట పని. పక్కింటాయన తల వంచుకుని నిలబడ్డాడు. బాపు ఆయన వంక చూసి, గుంటలోకి దిగి, ఆయన దెబ్బకు తన దెబ్బ కలిపి నేయడం మొదలుపెట్టాడు. కొంగు దాకా అలాగే బిగువుగా నేశాడు. షావుకారు చీరను వెలుతురులో పట్టి చూసి, కొంగు వైపు నేత మరీ బాగుందన్నాడట.

ప్రసాదం పట్టుకుని కావలి తాత ఇంటికి నేనే పోయాను. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, పిడకల కుప్ప జరిపారా లేదా అని అడిగాడు. జరిపాం.

మోరీ నీళ్ళు మా గోడ కిందికి వస్తూనే ఉన్నాయి. ఏడాదికి ఒకసారైనా దాని మీద అక్కాచెల్లెళ్ళకు మాట పెరిగేది. కానీ మా తాళం చెవి మాత్రం వాళ్ళింటి చిలక్కొయ్య దిగలేదు. అది ఆ తర్వాత కొన్న చిన్న తాళానిది. కొబ్బరికాయంత తాళానికి బాపు తాడు కట్టి, మగ్గానికి బరువుగా వేలాడదీశాడు. నేను పెళ్ళై ఆ ఇల్లు వదిలిన నాడు కూడా అది మగ్గంతో పాటు ఊగుతూనే ఉంది.