అక్క ఎత్తు మైకు

ఊళ్లో ఏ గోడ చూసినా ఆదివారం కచేరీ పోస్టర్లే. ఆ కచేరీ చేసే పాటల బృందానికి మైకులు బిగించేది మైకు బాబాయి. ముప్పై ఏళ్లు అందులో పాడిన వాళ్లక్క పోయి ఏడాదైనా, అతని చెయ్యి అలవాటుగా స్టాండుని ఆ పొట్టి మనిషి ఎత్తుకే దించేస్తుంది. కొత్త గాయని తాటిచెట్టంత ఉంటుంది.

“నన్ను వంగి పాడమంటావా బాబాయ్?” అని నిన్న రిహార్సల్లో కసిరింది.

అందుకే ఈ మధ్యాహ్నం టేపుతో కొలిచి మరీ స్టాండు పెంచాడు. మర కదలకుండా బిగించి, ఖాళీ హాలుకి తాళం వేసి, టీ తాగొచ్చాడు.

తాళం తీసి చూస్తే మైకు అక్క ఎత్తుకి దిగి ఉంది. మర మాత్రం బిగించినట్టే ఉంది.

బాబాయి మైకుని మళ్లీ పైకి లేపలేదు. వెళ్లి మైకు స్విచ్చి వేశాడు.

“ఊఁ, కానీయ్ అక్కా. వింటున్నా.”