ఇరవై ఎనిమిదికి ఇరవై ఆరు

బేతంచెర్ల సున్నపు బట్టీలో పీరమ్మకు ఒక అలవాటు ఉండేది. కాలిన రాయి దించగానే ఒక ముక్కను నీళ్ల కుండలో వేసి చెవి ఒగ్గేది. నీళ్లు కుతకుతమంటే సున్నం బాగా కాలినట్టు. చప్పుడు లేకపోతే ఆ పూట ఆమెకు అన్నం సయించదు. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా ఆ బట్టీకి ఆమే పెద్దదిక్కు.

1932లో బట్టీని కొత్తగా కొన్న ఓబులేసుకు తూకం పిచ్చి. యాభై మణుగుల రాయి వేయించి, కాలని రాళ్లు ఏరి పారేయించి, దిగిన సున్నం తూచాడు. ఇరవై ఆరు మణుగులే తేలింది.

"సగం యాడికి పోయింది పీరమ్మా?"

"గాలై పోయిందప్పా. కాలేటప్పుడు రాయి గాలి ఇడుస్తాది."

"గాలికి బరువుంటాదా? మళ్లీ ఇట్లే వస్తే బట్టీ ఇంకొకరికి ఇస్తా."

దొంగ అని నోటితో అనలేదు, అంతే తేడా.

రాళ్లు కొట్టే చిన్న ఈరన్నకు ఆమె అంటే ప్రాణం. మళ్లీ యాభై మణుగులు కాల్చి దించిన రోజున, పీరమ్మ పీర్ల చావిడికి పోయి వచ్చేలోగా, సున్నం మీద కడవలకొద్దీ నీళ్లు చిలకరించాడు. బరువు పెరిగితే ఆమె గండం గట్టెక్కుతుందని ఆ అమాయకుడి ఆశ. ఓబులేసు తూచాడు. ముప్పై ఒకటి!

"చూసినావా! నువ్వు లేని పూట ఐదు మణుగులు పెరిగింది!" అని తిరిగొచ్చిన పీరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

ఆమె పిడికెడు తీసి నలిపింది. మెత్తటి పిండి. నీళ్లు తగిలిన సున్నమే అట్లా విచ్చిపోతుంది. రాళ్ల కుప్ప దగ్గర తల వంచుకున్న ఈరన్నను చూడగానే సంగతంతా తెలిసిపోయింది. చెబితే వాడి కూలి పోతుంది. పిడికిట్లోని పిండిని కుప్పలోకే దులిపేసింది.

బడి గోడలకు సున్నం కోసం వచ్చిన జ్ఞానరాజు అయివారు అంతా విని పకపకా నవ్వాడు.

"ఓబులేసప్పా, నిఖార్సైన రాయి నూరు మణుగులు కాలిస్తే యాభై ఆరే సున్నం. మిగతా నలభై నాలుగూ గాలే, దానికీ బరువుండాది. యాభైకి ఇరవై ఎనిమిది దాటి ఎవరూ తీయలేరు. మరి ఈ ముప్పై ఒకటి ఎట్లొచ్చె?"

పీరమ్మ కుండలో కొంచెం సున్నం వేయించాడు. ఉలుకూ పలుకూ లేదు. "ఇది ముందే నీళ్లు తాగిన సున్నం," అన్నాడు.

"నేనే నీళ్లు పోసినా," అని ఈరన్న బావురుమన్నాడు.

"అట్లయితే ముందుసారి ఇరవై ఆరు?" ఓబులేసు గొంతు తగ్గింది.

అయివారు బొగ్గుతో నాపరాయి మీద లెక్క వేశాడు. "ఇరవై ఎనిమిదికి ఇరవై ఆరు. నూటికి తొంభై రెండు పైనే. మా బడిలో ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదప్పా!"

"తప్పుగా మాట్లాడితిని పీరమ్మా. బట్టీ నువ్వే చూసుకో. వాణ్ణీ ఉండనీ," అన్నాడు ఓబులేసు.

పీరమ్మ ఆనందం పట్టలేక కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఒరే ఈరన్నా, నీళ్లు దప్పికైతే తాగు. సున్నం జోలికి పోవద్దు!"

ఆ తర్వాత బట్టీ ఎలా ఉందని ఎవరడిగినా, "ఇరవై ఎనిమిదికి ఇరవై ఆరు," అనేది గర్వంగా.

"మిగతా రెండూ?"

"సరిగ్గా కాలని రాళ్లప్పా. ఆ తప్పు నాదే. గాలి మాత్రం నేను ఎత్తుకపోలేదు!"