ఆరు స్పీకర్లు, ఒక గొంతు

భూపాలపల్లిలో తెల్లచొక్కా ఆరేయకూడదు. పొద్దున తెలుపు, మధ్యాహ్నానికి గనుల బొగ్గు దుమ్ముతో బూడిద రంగు. ఈ సంగతి మా క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు, మా అత్తగారికి తప్ప. ప్రతి పండుగకూ తెల్లచొక్కాయే పెడతారు.

ఆ బొగ్గు దుమ్మే నా స్పీకర్ల మీదా పడుతుంది. జనగామలో కొని, బస్సులో పక్క సీటుకు కూడా టికెట్ తీసుకొని తెచ్చిన జత. ఒక్కోదాంట్లో మూడు: కిందిది దరువుకు, మధ్యది గొంతుకు, పైది గజ్జెల మోతకు. ఆరింటినీ రోజూ మెత్తటి బ్రష్‌తో తుడుస్తాను.

ఎదురింటి రేడియో మెకానిక్ భాయ్‌కి ఆ బాధ లేదు. పాత తలుపుచెక్కతో పెట్టె కొట్టి, అందులో జానెడు కాగితపు స్పీకర్ ఒక్కటే బిగించాడు. దానికి గుండె అదిరే దరువు లేదు. ఆ లోటును ఆయనకు అప్పుడప్పుడు గుర్తుచేసేవాణ్ణి, స్నేహంగానే. అది పాడుతుంటే ఆయన ఇంటి ముందు నా నడక ఎందుకు నెమ్మదించేదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మా లైన్లో ఏటా బతుకమ్మ పాట ఎత్తేది మా అమ్మ. అవ్వ అని పిలుస్తాను. ఈసారి గొంతుకు ఆపరేషనై గుసగుసే మిగిలింది. నిరుడు ఫోన్‌లో రికార్డు చేసిన పాట పెట్టుకొని ఆడదామనుకున్నారు ఆడవాళ్లు. ఎవరి స్పీకర్ అన్న ప్రశ్నే రాలేదు, కనీసం నాకు.

నా జత వాకిట్లో నిలబెట్టి, బేస్ కొంచెం ధారాళంగానే పెంచాను. రెండు చుట్లు తిరిగారు. చప్పట్లు కుదరలేదు, పాట ఎవరూ అందుకోలేదు.

"గిదేంది తమ్మీ, పాటనా పిడుగా?" అంది పక్కింటి అక్క. "ఒక్క మాట తెలుస్తలేదు!"

భాయ్ తన పెట్టె ఎత్తుకొచ్చాడు. "జర మనది గూడ చూడుండ్రి."

అదే ఫోన్, అదే పాట. అవ్వ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. గొంతంతా ఒక్కచోటి నుంచి, మనిషే నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. రెండో చరణానికే అందరూ అందుకున్నారు. దరువు లేదని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. నాకు కడుపు మండిందని అనను, కొంచెం వెచ్చబడింది.

అవ్వ అరుగు మీద కూర్చొని తన పాటకు తానే చప్పట్లు కొడుతోంది. పక్కన చేరాను.

"నాది ఇంట్ల పెడితే మంచిగుంటదే అవ్వా. బయట గాలికి గట్ల అయింది."

అవ్వ చప్పట్లు ఆపలేదు. నా వైపు చూడనూ లేదు.

"గవి వాపస్ ఇచ్చెయ్ కొడుకా," అంది గుసగుసగా. "వాట్ల నేను లేను."