క్లచ్‌కు అంటని బురద

మా నాన్న సువార్తికుడు. దయ్యం అన్న మాట మా ఇంట్లో పిల్లల్ని భయపెట్టడానికి కూడా ఎవరూ వాడలేదు. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారే తప్ప రోడ్ల మీద తిరగరని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఎల్లారెడ్డిలో మా సంఘం ఆదివారపు బడిలో ఇప్పుడు పిల్లలకు నేనూ అదే చెబుతాను. కాబట్టి ఇది దయ్యం సంగతి కాదు. దీన్ని అద్భుతం అని రాయాలనే ఉంది. ఆ మాట రాసే అర్హత నాకు లేదు.

మా అన్న శామ్యూల్‌కు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. చంకలో కర్రతో నడుస్తాడు. బజారులో టైలరు. కుట్టుమిషను కుడికాలు ఒక్కదానితోనే తొక్కుతాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి పక్క గదిలోనే ఉంటాడు.

నేను విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగిని. వారంలో ఐదు రోజులు కామారెడ్డికి వెళ్ళిరావాలి. బైకు మీద తిరిగి తిరిగి నడుం పట్టేసి, కారు కొందామనుకున్నాను. అప్పుడు అన్న ఒకే ఒక్కటి అడిగాడు.

"ఆటోమేటిక్ తీస్కో తమ్మీ. దానికి ఎడమ కాలుతోని పనే లేదంట. అప్పుడప్పుడు నేను కూడ నడుపుత."

ఊరికే అడగలేదు. కామారెడ్డిలో మా బంధువుల ఆటోమేటిక్ కారు మీద కాలేజీ గ్రౌండులో రెండు నెలలు నేర్చుకున్నాడు. లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. నేను సంఘంలో లేచి నిలబడి, అన్న కూడా నడపగలిగే బండి దొరికేలా ప్రార్థన చేయండని అడిగాను. మూడు నెలలు అందరూ చేశారు.

షోరూంలో నాకు రెండూ నడపనిచ్చారు. చిన్న హ్యాచ్‌బ్యాకే, కానీ టర్బో ఇంజను. మొదట ఆటోమేటిక్ నడిపాను. ట్రాఫిక్‌లో హాయిగా ఉంది. గట్టిగా తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించుకుని కదిలేది. తర్వాత క్లచ్ తొక్కి గేర్లు మార్చే మాన్యువల్ ఎక్కాను. రెండో గేరులో తొక్కగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. నాకు ముప్పై ఏడేళ్ళు. ఆ రోజు పదిహేడేళ్ళవాడిలా నవ్వాను.

మాన్యువలే రాయించాను. ఇంటికొచ్చి అన్నతో, "ఈ మోడల్‌ల ఆటోమేటిక్ రాదంట అన్నా" అన్నాను.

"పోనీ తియ్యి తమ్మీ. నువ్వు నడుపుతే నేను నడిపినట్టే" అన్నాడు.

బండి వచ్చిన ఆదివారం మందిరం ముందు ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. ప్రార్థన చేసింది అన్నే. ఎండకు కాలుతున్న బానెట్ మీద చెయ్యి పెట్టి, ఎక్కినవాళ్ళందరినీ క్షేమంగా దించమని చాలాసేపు అడిగాడు. నేను కళ్ళు మూసుకుని, ఇంటికి వెళ్ళేటప్పుడు లింగంపేట దాకా ఒక రౌండు వేసొస్తే బాగుండునని అనుకుంటున్నాను.

ఏడాదిన్నర ఆ బండితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. మలుపుల్లో మూడు నుంచి రెండుకు దించి మళ్ళీ లాగడం, వడ్ల లారీలను ఒక్క ఊపున దాటేయడం, ఇదే నా రోజువారీ సంతోషం. మైలేజీ పద్నాలుగు దాటేది కాదు. కామారెడ్డిలో రద్దీ రోజున క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు లాగేది. ఆ నొప్పి వచ్చినప్పుడల్లా అన్న గుర్తొచ్చేవాడు. మర్నాటికి మరిచిపోయేవాణ్ని. అన్న మాత్రం ఎప్పుడూ వెనక సీట్లో కాలు బారజాపుకుని కూర్చుని పాటలు పాడేవాడు.

నా భార్య రూతుకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పటి మాట. నాలుగు రోజులుగా విడవని వాన. ఆ గురువారం కంపెనీ జీపులో బాన్సువాడ వైపు పొలాలు చూడడానికి వెళ్ళాను. వాన పట్టినప్పటి నుంచి కారు ఇంటి ముందే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు రూతుకు రక్తస్రావం మొదలైంది. నాకు ఫోను కలవలేదు. అన్నకు చేసింది. అంబులెన్సు అంతకుముందే వేరే ఊరికి వెళ్ళి పొంగిన వాగుకు అవతల ఆగిపోయింది. ఆ వానలో ఒక్క ఆటో కూడా రాలేదు.

తర్వాత జరిగింది అన్న చెప్పినట్టే రాస్తాను.

రూతును పట్టుకుని కారు వెనక సీట్లో పడుకోబెట్టడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి, కర్రను వసారా గోడకు ఆనించాడు. బండి పట్టుకుంటూ చుట్టూ తిరిగొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కర్రతో క్లచ్ నొక్కుతూ ఎలాగో పోదామని అతని ఆలోచన. కర్ర మరిచానని గుర్తొచ్చి కిందికి చూశాడు. రెండే పెడళ్ళు ఉన్నాయి, క్లచ్ లేదు. గేరు రాడ్డు తను కాలేజీ గ్రౌండులో నేర్చుకున్న బండిలో లాగే ఉంది. స్టార్ట్ చేసి, రాడ్డు వెనక్కి లాగి, కుడికాలుతో తొక్కాడు. బండి కదిలింది. దాదాపు నలభై కిలోమీటర్లు. దారిలో గొర్రెల మందకు ఒకసారి, కామారెడ్డిలోకి వచ్చాక చాలాసార్లు ఆగాడు. ఒక్కసారి కూడా ఇంజను ఆగిపోలేదు.

రూతు కళ్ళు మూసుకునే ఉంది. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. "మీరు నడుపుతే గేరు గేరుకు తెలుస్తది. బావ నడుపుతుంటే కుదుపే లేకుండె."

మూడు గంటలకు నాకు సిగ్నలు వచ్చింది. వెంటనే అన్న ఫోను.

"రూతును లోపలికి తీస్కపోయిండ్లు తమ్మీ. నువ్వు జల్ది రా." తర్వాత అడిగాడు. "బండి ఎప్పుడు మార్చినవ్‌రా? నా కోసమే మార్చినవా? ఒక్క మాట చెప్పనే లేదు."

నాకేమీ అర్థం కాలేదు. రూతు తప్ప ఇంకేదీ తలకెక్కడం లేదు. "ఊఁ అన్నా, వస్తున్న" అన్నాను. బండి మార్చానని అన్నకు వినిపించిన ఆ 'ఊఁ' తర్వాత చాలా రోజులు నాకు నిద్ర లేకుండా చేసింది.

నేను చేరేసరికి ఆపరేషను అయిపోయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బతికారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. అన్న బల్ల మీద గోడకు ఆనుకుని నిద్రపోయి ఉన్నాడు. తాళం చేతిలోనే ఉంది.

ఐదు గంటలకు కారు కొంచెం పక్కకు పెట్టమన్నారు. బయటికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దమనిషిని, "ఈ కారు ఎవరు నడుపుకుంటూ వచ్చారు" అని అడిగాను. "ఒక కాలు లేస్తలేదు సూడు, ఆయననే. తలుపు పట్టుకోని దిగి చక్రాల కుర్చీ అడిగిండు" అన్నాడు.

తలుపు తీసి కిందికి చూశాను. ఎప్పటిలాగే మూడు పెడళ్ళు. యాక్సిలరేటరు మీద, బ్రేకు మీద ఎర్రటి తడి బురద, చెప్పు గీతలతో సహా. క్లచ్ రబ్బరు పొడిగా ఉంది. దాని మీద వాన పట్టకముందు నా బూటు నుంచి రాలిన తెల్లటి దుమ్ము చెదరకుండా అలాగే ఉంది. ఈ బండి క్లచ్ అడుగంటా నొక్కనిదే స్టార్టే కాదు. మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాను. క్లచ్ కాలిన వాసన లేదు. రాడ్డు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది.

ఫోటో తీయలేదు. తుడిచే గుడ్డ తీసి మూడు పెడళ్ళూ శుభ్రంగా తుడిచాను. ఎందుకు తుడిచావంటే, చూడలేక అని మాత్రమే చెప్పగలను.

మర్నాడు బట్టల కోసం ఇంటికి వెళితే కర్ర వసారా గోడకే ఆనించి ఉంది. తీసుకెళ్ళి ఇస్తే, అన్న ఆస్పత్రి నుంచే బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాత తెలిసిన మెకానికును, ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. చెయ్యి తిరిగినవాడు కదిలే బండిలో క్లచ్ లేకుండా గేర్లు మార్చగలడేమో గానీ, ఆగి ఆగి కదలడం జరిగే పని కాదన్నాడు. "ఎవడన్న నడిపిన అంటె నా దగ్గర్కి తీస్కరా సార్, వాని కాళ్ళు మొక్కుత" అని నవ్వాడు.

రూతు, పాప నలభై రోజులు కామారెడ్డిలో రూతు పుట్టింట్లో ఉన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, కారూ అక్కడే. బండి మార్చలేదని అన్నకు ఫోనులో చెప్పాలని రోజూ అనుకున్నాను. చెబితే, ఆటోమేటిక్ రాదన్న అబద్ధం దాకా వెళ్ళాల్సి వస్తుందని భయం. నిజానికి అంత దాకా వెళ్ళనక్కర్లేదు. నా భయం అంత దూరం ఆలోచించింది.

నలభై రోజులయ్యాక ఎల్లారెడ్డి మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. సాక్ష్యం చెప్పడానికి అన్న ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. అద్భుతం గురించి అతను చెప్పలేదు. నా గురించి చెప్పాడు.

"నా తమ్ముడు నా కోసం బండి మార్చిండు. నాకు చెప్పకుంట మార్చిండు. గా బండి లేకుంటె ఈ బిడ్డ ఇయ్యాల మన చేతులల్ల ఉండకపోతుండె."

అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటారు.

కూడిక అయ్యాక సంఘ పెద్ద ప్రకాశం గారు, "అయితె శామ్యూలూ, మమ్మల్ని గూడ ఒక రౌండు తిప్పు మరి" అన్నారు. అందరూ నవ్వుతూ కారు చుట్టూ మూగారు. అన్న పెళ్ళికొడుకులా తలుపు తీసి కూర్చున్నాడు. కిందికి చూశాడు.

తల ఎత్తి నా వైపు తిరిగాడు.

"ఏంది తమ్మీ, మళ్ళ మార్చినవా?"

ప్రకాశం గారు వంగి చూసి, "ఏం శామ్యూలు, దేవుడు ఒక పెడలు తీసి మళ్ళ బిగించి పోయిండా?" అన్నారు. చెడ్డ మనిషి కాదు, సరదా మనిషి. నవ్వులు లేచాయి. "కట్టెతోని ఒత్తుకుంట తెచ్చినట్టున్నవ్, అదే చెప్పరాదు" అని ఇంకెవరో అన్నారు. "బావ మంచిగనే తెచ్చిండు" అంది రూతు గట్టిగా. ఇంతలో పాప ఏడిస్తే లోపలికి వెళ్ళిపోయింది.

అన్న నన్నే చూస్తున్నాడు. బురద సంగతి నాకు ఒక్కడికే తెలుసు. కర్ర సంగతీ నాకే తెలుసు. బైబిల్లో ఇనుప గొడ్డలి నీళ్ళ మీద తేలిందని ప్రతి ఏడూ పిల్లలకు నమ్మకంగా చెప్పేవాణ్ని. నోరు తెరిచి నేను అన్నది ఇది:

"బండి అదే అన్నా. నేను మార్చలే. ఆ దినం గాభరల నీకు గట్ల అనిపించిందేమో."

"అయ్యుంటది తమ్మీ" అన్నాడు అన్న. తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు.

ఆ తర్వాత అన్న సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడూ లేవలేదు. ముందు వరసలో డోలక్ దగ్గర కూర్చునేవాడు, వెనక వరసకు మారాడు. కారు ఎక్కమంటే ఏదో పని ఉందనేవాడు. నాతో మాట్లాడడం మానలేదు, పాపను ఎత్తుకోవడం మానలేదు. అందువల్ల నేను ఏమీ జరగనట్టు రెండేళ్ళు గడిపేయగలిగాను.

మొన్న ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అన్న కొట్టుకు వెళ్ళాను. అన్న ఎవరిదో చొక్కా కాలరు కుడుతున్నాడు. అంతా చెప్పేశాను. ఆటోమేటిక్ ఉందని, నేనే వద్దనుకున్నానని. మిషను ఆగలేదు.

"తెల్సు" అన్నాడు. "ఫోన్‌ల చూసిన అప్పుడే. నీకు ఇష్టమైంది తీస్కున్నవ్, దానికేంది."

అప్పుడు బురద సంగతి చెప్పాను. రెండు పెడళ్ళ మీదే ఉందని, క్లచ్ మీద దుమ్ము కూడా కదల్లేదని, తుడిచింది నేనేనని.

మిషను ఆగింది. అన్న చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"నిజంగ ఉండెనా?"

"ఉండె అన్నా."

"క్లచ్ మీద లేకుండెనా?"

"లేకుండె."

"నాకు దిమాక్ ఖరాబైందనుకున్న తమ్మీ" అన్నాడు. "రెండేండ్ల సంది. రాత్రి పండుకునేటప్పుడు కండ్లు మూస్కోని మళ్ళ ఆ రెండు పెడళ్ళు చూసేటోన్ని. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్ననా అని. ప్రార్థన చేద్దామంటె భయమయ్యేది. నా కండ్లు చూసిందే నేను నమ్మకపోతె, ఇగ చూడనిది ఎట్ల నమ్ముత?"

నేను క్షమించమన్నాను. క్షమించాడా లేదా అతను చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం కారులో ఏం జరిగిందో నేను ఈ రోజుకూ చెప్పలేను. తెలిసిన లేఖనాలన్నీ వెతికాను, తెలిసిన మెకానికులందర్నీ అడిగాను. ఎక్కడా జవాబు దొరకలేదు. వచ్చే ఆదివారం మందిరంలో లేచి చెబుతానని అన్నతో అన్నాను. అతను ఆ మాట విన్నాడో లేదో. చొక్కా పక్కన పెట్టేసి, "బురద ఎర్రగ ఉండెనా తమ్మీ? మన ఇంటి ముంగటి మన్నేనా?" అని మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నాడు.