నర్సమ్మ దాచిన తాడు

సాయంత్రం అయిదు కాగానే మా నర్సమ్మవ్వ పదకొండో అంతస్తు నుంచి లిఫ్టులో కిందికి దిగుతుంది. లిఫ్టంటే ఆమెకు చచ్చేంత భయం. తలుపు తెరుచుకునేదాకా కళ్ళు మూసుకుని లోపలి కడ్డీని పట్టుకునే ఉంటుంది. ఈ సంగతి కింద ఎదురుచూసే పిల్లలకు తెలియదు. వాళ్ళ లెక్కలో అవ్వకు భయమన్నదే లేదు.

సర్జాపుర రోడ్డు పక్క అపార్ట్‌మెంటు అది. ఆటస్థలంలో జారుడుబండ దగ్గర సిమెంటు బల్ల ఆమె సింహాసనం. ఏ భాష ఇంట్లో పుట్టినా పిల్లలందరికీ ఆమె ఇక్కడి మాటలో అజ్జే. సొంత మనవడు అచ్యుత్ మాత్రం "అవ్వా" అంటాడు, అదీ అందరికీ వినబడేలా.

నర్సమ్మ చెప్పేది తాను పుట్టి పెరిగిన ఊరి కథ, అరవై ఏళ్ళ కిందటి హూడి కథ. ఇప్పటి ఆఫీసులు లేని హూడి అది. ద్రాక్షతోటలు, రాగిచేలు, వాటి నడుమ మోట బావులు. గూడ్సు బండి వచ్చేముందు పట్టాల మీద మేకు పెట్టి, బండి పోయాక చదునైన దాన్ని కత్తిగా వాడుకుందట. రాళ్ళ లారీ వెనక గొలుసు పట్టుకుని వేలాడిందట. ఈ లారీ కథలో ఒక ఇబ్బంది ఉంది. మొదటి వారం ఆమె రైల్వే గేటు దాకా వేలాడింది. రెండో వారానికి వైట్‌ఫీల్డు చేరింది. నెల తిరిగేసరికి లారీ హొసకోటె దాటిపోయింది.

"హెల్మెట్ పెట్టుకోలేదా అజ్జీ?" అని ఒక పిల్ల అడిగితే, "తలకాయ ఉండె గదమ్మా, మళ్ళా హెల్మెట్ ఏమిటికి?" అంది.

అన్నిటికన్నా గొప్పది బావి కథ. ఆ రోజుల్లో ఈత నేర్పాలంటే పిల్లల వీపుకు నీళ్ళలో తేలే ఎండిన మునగ బెండ్లు కట్టి బావిలోకి తోసేవాళ్ళు. దినానికొక బెండు తగ్గించేవాళ్ళు. అన్నీ అయిపోయిన రోజు వట్టి వీపుతో దూకాలి.

"నాకు ఆరు బెండ్లు కట్టినారు. ఏడోదినం ఒక్కటీ లేదు. నేనూ బాయీ, అంతే! కన్ను మూసుకోకుండా దూకేస్తి," అని నర్సమ్మ చేతులు చాచేది. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు.

వేసవి సెలవులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఈతకొలను కాపలా బాలరాజు టిఫిన్ డబ్బా విప్పి, ఎందుకో తలెత్తి చూశాడు. గట్టు మీద ఏడుగురు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి వీపుకూ ఆరేసి ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు, చున్నీలతో కట్టి ఉన్నాయి. మునగ బెండు ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకు తెలియలేదు పాపం. నాయకుడు అచ్యుత్. అందరికన్నా ముందు, లోతు వైపు నిలబడింది కృప. అంతదాకా నీళ్ళలో కాలైనా పెట్టని ఎనిమిదేళ్ళ పిల్ల. పైగా అసోసియేషన్ సెక్రటరీ జ్ఞానప్రకాశం గారి మనవరాలు. బాలరాజు డబ్బా వదిలేసి పరుగెత్తాడు. ఇంకొక నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో!

ఆ రాత్రి కూతురు రాధిక తల్లిని వదల్లేదు.

"ఏమ్మా, నీకు వేరే కథలే లేవా? కృష్ణుడి కథలు చెప్పకూడదా?"

"కృష్ణుడు మాత్రం మడుగులో దూకలేదా ఏమే?"

"ఆయన దేవుడమ్మా! వీళ్ళు థర్డ్ స్టాండర్డ్!"

మరుసటి రోజు క్లబ్‌హౌస్‌కు రమ్మని కబురు వచ్చింది. జ్ఞానప్రకాశం గారు చిత్తూరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచకుండానే భయపెట్టగలడు.

"నర్సమ్మగారూ, ఇంక మీరు పిల్లోళ్ళ దగ్గర కూచోవద్దండి. కమిటీ అనుకున్న మాట ఇది."

 నర్సమ్మ కూతురూ అల్లుడూ తొమ్మిదికల్లా ఆఫీసుకు, అచ్యుత్ బడికో ఆటకో పోతారు. వాళ్ళు వచ్చేదాకా ఇంట్లో మాట్లాడేది మిక్సీ ఒక్కటే. ఆ అయిదు గంటల బల్ల కోసమే ఆమె పగలంతా గడిపేది.

ఆయన కొంచెం తగ్గి అడిగాడు. "మా కృప చెప్తా ఉండాది, అజ్జి ఒక్కతే దూకింది, నేనూ దూకుతా అని. నిజంగానే ఒక్కరే దూకినారా?"

గాజు తలుపుకు అవతల ఏడు ముక్కులు అద్దానికి అంటుకుని ఉన్నాయి. నర్సమ్మ వాటిని చూసింది. అవుననేస్తే వాళ్ళ కళ్ళలో మొనగత్తెగానే ఉండిపోవచ్చు. కానీ ముందు వరసలో ఉన్నది కృప ముక్కు.

"లేదప్పా," అంది నర్సమ్మ, చిన్న గొంతుతో. "నా నడుముకి తాడు కట్టింటిరి. మా నాయన ఆ కొస పట్టుకొని గట్టు మీద నిలబడుకొని ఉండె. ఇంకా నలుగురు పెద్దోళ్ళు నీళ్ళల్లోనే ఉండ్రి."

"ఆ మాట పిల్లోళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"తాడు పెడితే కథ చప్పగా అయితాదప్పా."

హెడ్మాస్టరుగారి మీసం ఒకసారి కదిలింది. "వాళ్ళకే చెప్పండి, ఈ సాయంత్రం. నేనూ వచ్చి వింటా. బల్ల సంగతి ఆమీద చూద్దాం."

సాయంత్రం నర్సమ్మ చెప్పింది. తాడు, నాయన, నీళ్ళలోని నలుగురు, అన్నీ చెప్పింది.  అచ్యుత్ ముఖం ఎర్రబడింది.

"నేను క్లాసులో అందరికీ చెప్పేసినానే అవ్వా! ఇప్పుడెట్ల?" అని అటు తిరిగి కూర్చున్నాడు.

నర్సమ్మ లేచి పోదామనుకుంది. అప్పుడు కృప ఆమె దగ్గరికి జరిగింది.

"అజ్జీ, నువ్వు కేక వేస్తే మీ నాయన వెంటనే లాగేవాడా?"

"కేక ఎయ్యకముందే లాగేస్తా ఉండె. అందుకే నాకు ఈత వచ్చేకి రెండు ఎండాకాలాలు పట్టె."

"ఏడ్చినావా?"

"ఏడవక? మా హూడి అంతా వినబడేటట్ల ఏడిస్తి. ముక్కులో నీళ్ళు, నోట్లో నీళ్ళు. కప్పను చూసి ఇంకా గట్టిగా ఏడిస్తి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. "ఇంకా ఎప్పుడెప్పుడు ఏడ్చినావు అజ్జీ?" అని మీదపడ్డారు. లారీ కథ వెనక్కి తిరిగింది. హొసకోటె నుంచి రైల్వే గేటుకు, గేటు నుంచి ఇంటి దగ్గరి మిల్లు మలుపుకు. ఆ మలుపులోనే పడిందట, పావడా చిరిగిందట, అమ్మ చీపురు తీసుకుందట. ఇటువంటివి వెతికితే నర్సమ్మ దగ్గర ఎన్నో దొరికాయి. అచ్యుత్ ఇంకా అటే తిరిగి ఉన్నాడు కానీ చెవి మాత్రం ఇటు ఉంది.

"తాతా, నువ్వు ఏడ్చినావా చిన్నప్పుడు?" అని కృప, వెనక నిలబడి వింటున్న జ్ఞానప్రకాశం గారిని అడిగింది.

ఆయన కమిటీవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. ఎవరూ లేరు. నర్సమ్మను కొంచెం జరగమని సైగ చేసి, బల్ల చివర కూర్చున్నాడు.

"మా ఇస్కూలు పైకప్పు మీదికి తేనెపట్టు కోసం ఎక్కితిని..." అని మొదలుపెట్టాడు.